విశ్వసనీయ వర్గాలు

ఆగస్టు 3

నా బంగారు తల్లికి, నీ ఒళ్ళో ఉన్న చిన్న బంగారానికి,

నీ ఉత్తరం అందింది. అందింది అని పొడిగా రాసేశాను గానీ, "సెలవు దొరికింది నాన్నా, చంటిదాన్ని తీసుకుని ఈ నెలాఖరుకి వస్తున్నాను" అన్న ముక్క దగ్గరికి వచ్చేసరికి పైకి చదవడం మరిచి, సెలూన్ మెట్టు మీదే కూలబడ్డాను. లోపల హెడ్మాస్టరు గారు సగం గడ్డం నురగతో కూర్చుని ఉన్నారు. సెలూన్ పెద్దాయన కత్తి గాల్లోనే ఆపి, "ఏమైంది, ఎవరికేమైంది?" అని కంగారు పడ్డాడు. "నా మనవరాలు వస్తోందయ్యా" అని చెప్పేదాకా హెడ్మాస్టరు గారు ఊపిరి బిగబట్టుకునే ఉన్నారు పాపం. ఆ తర్వాత ఆయనకి రెండో సగం గడ్డం ఉచితం.

సెలూన్ దగ్గర ఎందుకు చదివావు అంటావేమో. టవరు కూలినప్పటి నుంచి ఊళ్ళో ఫోన్లు లేవు. పేపరు రావడం మానేసింది. టీవీ పెడితే చీమలు పాకుతున్నట్టు చుక్కలు. అందుకని ఎవరికి ఏ కాగితం వచ్చినా సెలూన్ ముందు నిలబడి అందరికీ వినపడేలా చదవాలని అందరం ఒక మాట అనుకున్నాం. చదివే పని నాది. బస్సు చివరి సీటుదాకా వినపడేలా కేకలు పెట్టిన గొంతు గదా, ఇప్పటికీ పనికొస్తోంది. ఒక్కటే నియమం. ముందు మనసులో చదువుకోకూడదు. చదువుకుంటే మధ్యలో ఏదో మింగేశాడంటారు. కవరు చించడం, పైకి చదవడం, అంతే.

ఉత్తరాలు మోసేది మన మౌనస్వామే. నాతో పాటు అన్నేళ్ళు బస్సు నడిపిన మనిషి. అప్పుడూ ఇప్పుడూ ఒకటే తీరు, మాట్లాడిన మాటలన్నీ పోగేస్తే ఒక టికెట్టు వెనకాల పట్టేస్తాయి. వారానికి ఒక సాయంత్రం వస్తాడు, బస్సులోనే పడుకుంటాడు, తెల్లారి వెళ్తాడు. నీ కబురు చెబితే తలూపి టైర్లు చూసుకోవడానికి పోయాడు.

కట్ట సంగతి అడిగావు. మీ ఆఫీసులో ఎవరో ఏటికట్ట బీటలు వారిందని అనుకున్నారా? అనుకోనీ తల్లీ, ఊరికే కూర్చున్న నోరు ఏదో ఒకటి అంటుంది. కట్ట బంగారంలా ఉంది. సెలూన్ పెద్దాయనని అడిగితే "రాయిలా ఉంది" అన్నాడు. ఆయన చెవిన పడని సంగతి ఈ ఊళ్ళో ఏముంది?

నువ్వు బెంగ పెట్టుకోకుండా బయలుదేరు. వెనక గది, బావి పక్కది, దులిపించి సున్నం వేయిస్తున్నాను. చంటిదాన్ని ఎత్తుకుని నువ్వు మేడ మెట్లు ఎక్కడమేమిటి. కింద గదే హాయి.

ఇట్లు,
నేల మీద కాలు ఆనని మీ నాన్న, ఇకనుంచి తాత


ఆగస్టు 9

నాన్నా,

నీ ఉత్తరం చదువుతుంటే పక్కనే నువ్వు అరుస్తున్నట్టు ఉంది. చంటిది కూడా కళ్ళు విప్పార్చి వింది. దాన్ని ఆఫీసుకే తెచ్చుకుంటున్నాను. ఫైళ్ళ గదిలో చీరతో ఉయ్యాల కట్టాను. మీ అల్లుడు ఓడ దిగడానికి ఇంకా చాలా రోజులు ఉంది, ఇంట్లో ఎవరున్నారు చూడటానికి?

ఒక విషయం. నేను టైపు చేసేది నీటిపారుదల ఆఫీసులోనే అయినా, మీ ఊరి కబురు మాకే తెలియడం లేదు. కట్ట దగ్గర నీటిమట్టం కొలిచే గదికి ఫోను చేస్తే గుయ్‌మని శబ్దం వస్తుంది, అంతే. అక్కడి ఇంజనీరు సెలవు మీద వెళ్ళాడు, ఆయన చోటులో ఎవరినీ వేయలేదు. నీ ఉత్తరం వచ్చిన రోజు మా ఆఫీసరు గారు నా బల్ల దగ్గరికి వచ్చి, "మీ ఊరి నుంచేనా? కట్ట గురించి ఏమైనా రాశారా?" అని అడిగారు. ఆ ముక్క చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నారు. "మీ నాన్నగారు ఏం చేసేవారు?" అంటే కండక్టరు అన్నాను. "కండక్టర్లు చిల్లర దగ్గర తప్ప అబద్ధమాడరు" అని నవ్వి, "అయితే ఫరవాలేదన్నమాట" అనుకుంటూ వెళ్ళిపోయారు. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం చూశాను.

నాకూ స్థిమితం చిక్కింది. ఇరవై నాలుగో తేదీ బస్సుకి వస్తాను. కానీ నాన్నా, కట్టని నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా? అది మాత్రం రాయి. ఇంకోటి, గది మేడ మీదే పెట్టు. మెట్లు నేను ఎక్కగలను.

నీ కూతురు


ఆగస్టు 10

మా ఇంటి దీపానికి, దీపం పక్కన చిన్న దీపానికి,

ఇరవై నాలుగు. ఆ తేదీ గోడ మీద బొగ్గుతో రాశాను. తర్వాత సున్నం వేసేవాడు దాని మీద సున్నం వేసేశాడు. మళ్ళీ రాశాను.

నీ ఉత్తరం చదువుతున్నప్పుడు సెలూన్ ముందు నువ్వుండాల్సింది తల్లీ. ఆఫీసరు గారు ఫరవాలేదన్నారు అన్న చోట చప్పట్లు కొట్టారు. నేను రెండోసారి చదివాను, మీ ఆఫీసరు గారిలాగే. వీధి చివరికి వెళ్ళేసరికి ఆ కబురు "ఆఫీసరు గారు హామీ ఇచ్చారు" అయింది. హెడ్మాస్టరు గారు సామాను ఎత్తించడానికి లారీ మాట్లాడుకుని ఉన్నారట, నాకే తెలియదు. వెంటనే వద్దని చెప్పేశారు. "నీ కూతురి పుణ్యాన ఖర్చు తప్పింది" అని నా చేయి పట్టుకుని ఊపారు. నా కూతురి మాటకి ఈ ఊళ్ళో ఇంత విలువ. ఛాతీ పట్టక చొక్కా గుండీ ఒకటి తెగింది.

నీ గది సంగతి వేరే చెప్పాలి. ఉయ్యాల దొరికింది. కట్ట కాపలా అతను కుటుంబంతో అత్తగారి ఊరు వెళ్తూ, "మీ మనవరాలికి వాడుకోండి" అని ఇచ్చిపోయాడు. మంచి టేకు ఉయ్యాల. మేకల్ని, కోళ్ళని, చివరికి ఇంటి తలుపు రెక్కల్ని కూడా పీకి బండిలో వేసుకున్నాడు. "అత్తగారింటికి తలుపులెందుకయ్యా, వాళ్ళకి లేవా?" అంటే నవ్వాడే గానీ బదులు చెప్పలేదు. మౌనస్వామికి తమ్ముడిలా ఉన్నాడు.

ఇంకో అదృష్టం. మన బావిలో నీళ్ళు ఎప్పుడూ లేనంత పైకి వచ్చాయి. చేద లేదు, తాడు లేదు, వంగి చెంబు ముంచితే చాలు. నీకు చంటిదాని గుడ్డలు ఉతుక్కోవడానికి ఎంత సుఖమో చూడు. గది నేల కూడా చల్లగా ఉంది, కొంచెం చెమ్మ ఊరుతోంది గానీ ఈ ఉక్కపోతకి అదే మేలు. మేడ మీదకి ఎందుకే తల్లీ, రేకుల కింద వేడికి పసిది ఉడికిపోదూ?

కట్టని చూశావా అన్నావు. మేడ ఎక్కినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. ఎప్పుడూ ఉన్న చోటే ఉంది. దగ్గరికి వెళ్దామంటే నా మోకాలు ఆ మలుపు దాటనివ్వదు, నీకు తెలుసుగా. అయినా మీ ఆఫీసరు గారే ఫరవాలేదన్నాక నేను చూసేదేముంది.

ఇట్లు,
గుండీ కుట్టుకుంటూ మీ నాన్న


ఆగస్టు 16

నాన్నా,

టికెట్టు తీసుకున్నాను. డ్రైవరు వెనక సీటు. మౌనస్వామి గారికి చంటిదాన్ని చూపిస్తే వేలు ఇచ్చారు, అది గట్టిగా పట్టుకుంది. అప్పుడు కూడా ఏమీ అనలేదు.

ఈ ఉత్తరంతో పాటు ఒక నోటీసు పంపుతున్నాను. మా ఆఫీసరు గారు చెబుతుంటే నేనే టైపు చేశాను. "ఏటికట్ట పటిష్ఠంగా ఉన్నట్లు విశ్వసనీయ వర్గాల ద్వారా తెలిసింది. ప్రజలు వదంతులను నమ్మి ఇళ్ళు విడిచి వెళ్ళరాదు" అని ఉంది. సంతకం, ముద్ర అన్నీ ఉన్నాయి. అందరికీ కనపడే చోట అంటించమన్నారు. పై నుంచి ఏదో కబురు వచ్చి ఉంటుందనుకుని నాకు ప్రాణం కుదుటపడింది.

నీ ఉత్తరంలో తలుపు రెక్కల సంగతి ఆఫీసులో చదివితే అందరం పడీపడీ నవ్వాం. ఇంటికి వచ్చి చంటిదాన్ని పడుకోబెట్టాక మళ్ళీ గుర్తొచ్చింది. అప్పుడు నవ్వు రాలేదు. నాన్నా, బావిలో నీళ్ళు అంత పైకి ఎందుకొచ్చాయి? అక్కడ ఉక్కపోత అని నువ్వే రాశావు, వానలు లేనట్టే గదా.

నీ కూతురు


ఆగస్టు 17

నా తల్లులిద్దరికీ,

ఇక వచ్చే బస్సులో మీరే.

నోటీసు సెలూన్ అద్దం పక్కన అంటించాం, తల దువ్వుకునే ప్రతివాడి కళ్ళూ దాని మీద పడేలా. హెడ్మాస్టరు గారు పిల్లలకి పాఠం చెప్పినట్టు ఒక్కో మాటకీ అర్థం చెప్పారు. "విశ్వసనీయ వర్గాలు అంటే నమ్మదగిన వాళ్ళు, తెలిసినవాళ్ళు, దగ్గరుండి చూసినవాళ్ళు" అన్నారు. ఎవరో ఆ మహానుభావులు, వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి. ఏ ఎండలో ఏ వానలో కట్ట మీద నడిచి మన కోసం చూసొచ్చారో. కనపడితే నా చేత్తో ఒక్క టీ ఇప్పిస్తాను.

పల్లపు వీధి వాళ్ళు కొందరు బడి మేడ మీద మూటలతో పడుకుంటున్నారు ఇన్నాళ్ళూ. నోటీసు చూసి కిందికి దిగిపోయారు. బడికి తాళం పెట్టి హెడ్మాస్టరు గారు "ఇవాళ్టికి నిద్ర పడుతుంది" అన్నారు. ఊరంతా పెళ్ళివారిల్లులా ఉంది. నాకైతే మీ ఇద్దరి కోసమే ఊరు ముస్తాబైనట్టుంది.

బావి సంగతి అడిగావు. సెలూన్ పెద్దాయన ఊట బలం అన్నాడు. నీళ్ళు ఇప్పుడు ఒరకి జానెడు కిందుగా ఉన్నాయి. రంగు కాస్త టీ రంగు. తేరుకుంటుందిలే. నీ గదిలోకి కప్పలు వచ్చాయి. వెళ్ళగొడితే మళ్ళీ వస్తున్నాయి. పోనీ, చంటిదానికి సంగీతం. నేల మీద చాప రెండు రోజులకే నాని పాడైతే కింద ఇటుకలు పేర్చి పైన మంచం వేశాను.

ఇంకో చిన్న సంగతి. రాత్రిళ్ళు ఊరు సద్దుమణిగితే కట్ట వైపు నుంచి ఒక శబ్దం వస్తోంది, ఎవరో పెద్ద కుండలోకి ఆగకుండా నీళ్ళు పోస్తున్నట్టు. ఇందాక హెడ్మాస్టరు గారిని పిలిచి వినిపించాను. ఆయన కాసేపు విన్నారు. లోపలికి వెళ్ళి నోటీసు మళ్ళీ ఒకసారి చదువుకుని వచ్చి, "గాలి" అన్నారు. సెలూన్ పెద్దాయన కూడా గాలే అన్నాడు. ఆకు కదలడం లేదు గానీ, పైన గాలి ఉంటుంది గదా.

పాత విజిలు తోమి తళతళలాడేలా చేశాను. చంటిది బస్సు దిగగానే ఊదుతాను. భయపడుతుందంటావా? నా మనవరాలు గదా, భయపడదు.

ఇట్లు,
రోజూ బస్టాండు దాకా వెళ్ళి వట్టినే తిరిగొస్తున్న మీ నాన్న


ఆగస్టు 23

నాన్నా,

ఈ ఉత్తరం నువ్వొక్కడివే చదువుకో. ఎవరికీ వినిపించకు.

నీ కప్పల సంగతి, శబ్దం సంగతి చదివాక నేను ఆఫీసరు గారి గదిలోకి వెళ్ళి అడిగాను. "సార్, నోటీసులో విశ్వసనీయ వర్గాలు అని రాయించారు గదా, వాళ్ళెవరు?" ఆయన నా వైపు వింతగా చూశారు. "అదేంటమ్మా, మీ నాన్నగారు రాశారుగా." నేను ఇంకేమైనా కబురు వచ్చిందేమో అన్నాను. "ఇంకెక్కడి నుంచి వస్తుంది? నీ దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఆ ఊరి మాట లేదు" అన్నారు. "మీ నాన్న చూడలేదా?" అని అప్పుడడిగారు.

నాన్నా, కట్ట గురించి ఈ ఆఫీసుకి తెలిసిందంతా నువ్వు రాసిందే. నువ్వు రాసింది మేం టైపు చేసి ముద్ర కొట్టి నీకే పంపాం. ఇక్కడ ఎవరికీ ఏమీ తెలియదు.

కట్ట గట్టిగా ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే ఉండొచ్చు. కానీ నేను చంటిదాన్ని తీసుకుని రావడం లేదు. నువ్వే రా. ఇదే బస్సు ఎక్కు. మోకాలు నొప్పయినా, గది పాడైనా, ఏమైనా సరే. ఎక్కు.

నీ కూతురు


ఆగస్టు 24

తల్లీ,

బస్సు వచ్చేసరికి నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొడుగు చంకలో పెట్టుకుని, విజిలు నోట్లో పెట్టుకుని నిలబడ్డాను. సగం ఊరు నా వెనకాలే ఉంది. మౌనస్వామి దిగాడు. ఆయన వెనక సీటు ఖాళీ. నా చేతిలో కవరు పెట్టాడు.

సెలూన్ పెద్దాయన "చదవండి, చదవండి, బస్సు అందలేదేమో" అన్నాడు. నేను అలవాటు కొద్దీ చించి గట్టిగా మొదలుపెట్టాను. "ఈ ఉత్తరం నువ్వొక్కడివే చదువుకో" అని నువ్వు రాసింది కూడా బస్టాండంతా వినపడేలా చదివేశాను తల్లీ. కొందరు నవ్వారు. అక్కడ ఆపితే మింగేశాడంటారు. చివరిదాకా చదివాను.

హెడ్మాస్టరు గారు మెల్లగా, "అంటే ఇన్నాళ్ళూ మనం ఎవరి మాట మీద ఉన్నట్టు?" అన్నారు.

"ఈయన మాట మీద" అన్నాడు పెద్దాయన నన్ను చూపించి.

"నువ్వే గదయ్యా రాయిలా ఉందన్నావు" అన్నాను నేను.

"నేనెప్పుడు చూశాను? పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా కత్తెర పట్టుకుని ఉండేవాణ్ణి. మీ అమ్మాయి నీళ్ళ ఆఫీసులో ఉంది, మీ మొహం చూస్తే వెలిగిపోతోంది, ఈయనకి అంతా తెలిసే అంత సంతోషంగా ఉన్నాడనుకున్నా. ఆ మొహం చూసి అన్నాను."

నా మొహం చూసి, తల్లీ. నా మొహం వెలిగింది నువ్వు వస్తున్నావని.

అప్పుడు మౌనస్వామి మాట్లాడాడు. "నాకూ తెలీదు. కానీ ఇవాళ ఇక్కడ పడుకోను. బస్సు తిప్పుతున్నా." అంతే అన్నాడు. అని వెళ్ళి ఇంజను ఆపకుండా స్టీరింగు ముందు కూర్చున్నాడు.

అందరూ నా వైపే చూశారు. ఇంత జరిగాక కూడా నా వైపే. "ఏమంటారు, ఎక్కమంటారా వద్దంటారా?" అని అడిగింది పల్లపు వీధి ఆవిడ, చంకలో పిల్లవాడితో. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా మాట మీద జనం ఎక్కారు, దిగారు. నాకు తెలీదు అన్నాను. "నాకు తెలీదమ్మా. తెలీదు గనకే ఎక్కు." ఆ మాట నోట్లోంచి వచ్చాక గొంతు దానంతటదే లేచింది. వీధి వీధికీ వెళ్ళి విజిలు ఊదాను. నీ కూతురి కోసం తోమిన విజిలు. ముందుకి జరగండి, లోపల బోలెడు చోటుంది, సామాను వద్దు, మనుషులే అని అరిచాను. సీట్లు నిండాయి, నడవ నిండింది, టాపు నిండింది. హెడ్మాస్టరు గారు పిల్లల్ని కిటికీల్లోంచి అందించారు.

పెద్దాయన వాళ్ళ అమ్మ మంచం పట్టి ఉంది, ఆవిడని కుర్చీలో మోసుకురావాలి. అటు చివరి వీధి వాళ్ళు ఇంకా నమ్మడం లేదు, నోటీసు సంగతేమిటంటున్నారు. వంతెన అవతల మెట్ట మీద వీళ్ళని దింపి, మౌనస్వామి మళ్ళీ వస్తానన్నాడు. వంతెన ఉంటే. "ఎక్కు" అన్నాడు నాతో. చివరి మనిషి ఎక్కకుండా కండక్టరు ఎక్కుతాడా? రెండో ట్రిప్పులో వస్తాను.

గొడుగు తెచ్చుకుందామని ఇంటికి వెళ్ళాను. గొడుగు నా చంకలోనే ఉంది. బావి గట్టు మీద పెట్టిన చెంబు వాకిట్లో గుమ్మం దగ్గర ఉంది. నేను తెచ్చి పెట్టలేదు, బావి పొంగి తెచ్చింది. ఉయ్యాల ఉన్న గదిలోకి వెళ్ళలేదు, తలుపు కింద నుంచి వస్తున్న నీళ్ళు చూసి వెనక్కి వచ్చేశాను. ఇదంతా సెలూన్ కిటికీ మీద పెట్టి రాస్తున్నాను. ఆ శబ్దం ఇక్కడికి కూడా వినపడుతోంది. గాలి లేదు.

నువ్వు రాలేదని ఏడుస్తానని అనుకుంటావేమో. ఒట్టు తల్లీ, ఆ డ్రైవరు వెనక సీటు ఖాళీగా చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం నా జన్మలో ఎప్పుడూ కలగలేదు. ఖాళీ సీటు చూసి మురిసిపోయిన మొదటి కండక్టర్ని నేనే అయి ఉంటాను. ఇప్పుడు ఆ సీట్లో చంకన పిల్లవాడితో ఆ పల్లపు వీధి ఆవిడ కూర్చుంది.

ఈ ఉత్తరం మాత్రం నువ్వొక్కదానివే చదువుకోకు. మీ ఆఫీసరు గారి గదిలో, తలుపులు తెరిచిపెట్టి, అందరికీ వినపడేలా చదువు. నాకు తెలీదు అని రాసిన చోట గట్టిగా చదువు.

మౌనస్వామి హారన్ కొడుతున్నాడు.

మీ నాన్న